ఎగుమతి వ్యాపారము – తల్లిదండ్రులకొక పాఠము

ప్రతి సంవత్సరమును ఈ సంచికలో పిల్లల వ్యాసములును, పాఠశాల నివేదికయు ప్రకటింపబడుచుండును. ఈ పర్యాయము పిల్లలకు గాక వారి తల్లిదండ్రులకొక పాఠము వ్రాయ నుద్దేశించితిని. దీనికొక కారణము గలదు. దానిని దాచక, తగిన చోట చెప్పెదను.

మన పాఠశాలలో చదువుకొను బిడ్డలలో అధికసంఖ్యాకులు నేతపనివారి బిడ్డలు. మన పెద్దలు తెలంగాణపు పల్లెలనుండి బ్రదుకుదెరువు వెదకికొనుచు షోలాపురము చేరి, చేతిమగ్గములపై పనిచేసిరి. తరువాత నూలుమిల్లులలోను, ఆపైన మరమగ్గముల కార్ఖానాలలోను కుదురుకొనిరి. షోలాపురపు చద్దరు, షోలాపురపు టెర్రీ టవలు అను రెండు వస్తువులకును నేడు భౌగోళిక గుర్తింపు గలదు. ఆ పేరు మన చేతులవలన వచ్చినది. అయినను టవలు నేసినవానికి అది ఏ దేశమునకు పోవునో, అచట ఎంతకు అమ్ముడగునో, నడుమ ఎవరెవరికి ఎంతెంత ముట్టునో తెలియదు. తెలియనివాడు ఇచ్చినంత పుచ్చుకొనును. ఈ పాఠము ఆ తెలియమిని కొంత తగ్గించుటకే.

1. ద్వైపాక్షిక వాణిజ్యమనగా నేమి?

రెండు దేశములు ఒకదానితో నొకటి చేయు క్రయవిక్రయములకు ద్వైపాక్షిక వాణిజ్యమని పేరు. మనము పంపునది ఎగుమతి; మనము తెచ్చుకొనునది దిగుమతి. రెంటిని కలిపినచో మొత్తము వాణిజ్యము. ఒకదానినుండి మరియొకటి తీసివేసినచో మిగులో, లోటో తేలును.

ఒక దేశముతో లోటు ఉన్నంత మాత్రమున నష్టపోయితిమని తలపరాదు. మీరు నెలనెలయు కిరాణా దుకాణమువానికి డబ్బు ఇచ్చెదరు. అతడు మీవద్ద ఏమియు కొనడు. అతనితో మీకు ఎల్లప్పుడును లోటే. అయినను బియ్యము, పప్పు ఇంటికి వచ్చుచున్నవి గదా! చూడవలసినది మరియొకటి. ఇంటికి వచ్చు మొత్తము రాబడి, ఇంటినుండి పోవు మొత్తము ఖర్చును తట్టుకొనునా లేదా అనునదే ముఖ్యము. దేశమునకును ఇంతియే.

దేశములు వ్యాపారము చేయుచున్నవని పత్రికలు వ్రాయును. నిజమునకు వ్యాపారము చేయువారు మనుష్యులు. ప్రభుత్వములు దారి వేయును, సుంకము విధించును లేక తగ్గించును. ఆ దారిని నడువవలసినవారు కార్ఖానాదారు, నేతగాడు, లారీవాడు, బ్యాంకు గుమాస్తా.

2. ఉదాహరణకు ఒక దేశము

పాఠము గాలిలో చెప్పిన నిలువదు. కావున ఒక దేశమును తీసికొందము. అది ఐక్య అరబ్ ఎమిరేట్స్. దుబాయి, అబుదాబి మొదలగు ఏడు ఎమిరేట్లు అందు గలవు. 1971 డిసెంబరు 2న ఆ సమాఖ్య ఏర్పడినది. ఏడవదియగు రాస్ అల్ ఖైమా 1972లో చేరినది.

ఆ తీరమునకును మన దేశమునకును సంబంధము క్రొత్తది కాదు. నూనె బయటపడక పూర్వము అచటి జనులు సముద్రములో మునిగి ముత్యములు తీసెడివారు. వాటికి బొంబాయి పెద్ద బజారు. 1930 ప్రాంతమున జపానువారి పెంపుడు ముత్యములు రాగా ఆ వృత్తి కూలిపోయినది. ఒక్క వస్తువును నమ్ముకొన్న ఊరి గతి యెట్లగునో ఇందు తెలియును. నేతగాండ్రమైన మనకిది వేరుగా చెప్పనక్కరలేదు. 1966 వరకు ఆ తీరమున చెల్లిన నాణెము మన రూపాయయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫు ప్రాంతమునకై ప్రత్యేకముగా రూపాయి నోట్లు అచ్చువేసెను. 1966లో రూపాయి విలువ తగ్గింపబడినప్పుడు వారు దానిని విడిచిరి. 1973లో దిర్హమును ఏర్పరచుకొనిరి.

నూనె ధనము వచ్చిన పిదప వారు దానిని కేవలము తిని కూర్చుండలేదు. 1979లో జెబెల్ అలీ రేవు తెరచిరి. 1985లో దానిచెంత స్వేచ్ఛా వాణిజ్య మండలము నెలకొల్పిరి. నేడు దుబాయిలో దిగు సరకులో కొంత అచటనే వాడబడును. కొంత మరల ఓడలెక్కి ఇతర గల్ఫు దేశములకును, ఆఫ్రికాకును పోవును. కావున దుబాయి వర్తకుడు కొనుచున్నాడనిన, అతని వెనుక మరికొన్ని దేశముల బజారులు నిలిచియున్నవని అర్థము.

ఆ దేశమున నివసించు భారతీయులు 35 లక్షలకు పైబడి యున్నారు. వారిలో కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండి పోయిన మనవారును అనేకులు. మన ఇండ్లలో పెక్కింటికి అచట ఒక మేనమామయో, పెదతండ్రి కుమారుడో ఉండును. ఇన్నాళ్లు మనము ఆ దేశమునకు చేతులను పంపితిమి. చేతిపనిని పంపుట ఎట్లు అనునది నేటి ప్రశ్న.

3. ఒడంబడిక

1970 దశకమున ఈ రెండు దేశముల నడుమ వాణిజ్యము సంవత్సరమునకు 18 కోట్ల డాలర్లు మాత్రము. 2022 ఫిబ్రవరి 18న ఉభయ దేశములు సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒడంబడికపై సంతకములు చేసినవి. అది ఆ సంవత్సరము మే 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. 2024–25 ఆర్థిక సంవత్సరమున మొత్తము వాణిజ్యము 10,000 కోట్ల డాలర్లను దాటినది. ఇందు మనము తెచ్చుకొన్నది సుమారు 6,300 కోట్లు; పంపినది సుమారు 3,700 కోట్లు. లోటు ఎందుకనిన, వారివద్ద మనము ముడినూనె, బంగారము విశేషముగా కొనుచున్నాము.

ఒడంబడికలో మనకు సంబంధించిన విషయ మిది. ఆ దేశమున సాధారణముగా దిగుమతి సరకుపై నూటికి 5 వంతున సుంకము గలదు. ఒడంబడిక అమలైన దినముననే, విలువనుబట్టి మన ఎగుమతులలో నూటికి 90 వంతులపై వారు సుంకము తీసివేసిరి. వస్త్రములు ఇందు చేరియున్నవి.

అయితే రెండు సంగతులు మరువరాదు. మొదటిది: ఈ సదుపాయము తనంతట తాను రాదు. సరకు నిజముగా భారతదేశమున తయారైనదని చూపు మూలధ్రువపత్రము వెంట ఉండవలెను. అది లేనిచో సుంకము పడును. రెండవది: ఈ సదుపాయము మన ఒక్కరిది కాదు. టవళ్ల నేతలో పేరుపొందిన తుర్కీ దేశముతో కూడ ఎమిరేట్స్ ఇట్టి ఒడంబడిక చేసికొన్నది. అది 2023 సెప్టెంబరు 1నుండి అమలులో నున్నది. తలుపు తెరచినారు, లోనికి పోవువారు పలువురు. అచట నిలుచునది నాణ్యము, మాట తప్పకుండుట – ఈ రెండే.

4. ఒక లెక్క

ఇప్పుడు పలక తీసికొనుడు. ఈ క్రింది ధరలు పాఠముకొరకు ఊహించినవి; నేటి బజారు ధరలుగా గ్రహింపవలదు.

12,000 టవళ్లు పంపవలెను. కార్ఖానాలో ఒక్కొక్క టవలుకు పడు ఖర్చు 80 రూపాయలు. మొత్తము 9,60,000. కట్టలు, పెట్టెలు, సుమారు 400 కిలోమీటర్ల దూరముననున్న నవసేవ రేవువరకు లారీ కిరాయి, రేవు ఖర్చులు, ఏజెంటు రుసుము కలిసి 60,000. ఓడ ఎక్కువరకు అయిన ఖర్చు 10,20,000. ఓడ కిరాయి 40,000, బీమా 5,000. మొత్తము 10,65,000 రూపాయలు.

కొనువాడు 49,000 దిర్హములకు ఒప్పుకొనెననుకొందము. దిర్హము 24 రూపాయలైనచో వచ్చునది 11,76,000. లాభము 1,11,000 రూపాయలు.

ఇందు మూడు తూకములు వేయవలెను.

మొదటిది సుంకము. 49,000 దిర్హములపై నూటికి 5 వంతున 2,450 దిర్హములు. అనగా 58,800 రూపాయలు. ఈ సుంకము కట్టువాడు అచటి వర్తకుడే అయినను, అతడు దానిని మన ధరలోనే తగ్గించుకొన జూచును. మన లాభములో సగముకంటె ఎక్కువ అందు పోవును. మూలధ్రువపత్రమను ఒక్క కాగితము విలువ ఇంతటిది.

రెండవది కాలము. డబ్బు చేతికి వచ్చుటకు మూడు నెలలు పట్టినదనుకొనుడు. 10,65,000 అప్పుపై సంవత్సరమునకు నూటికి 12 వంతున మూడు నెలల వడ్డీ 31,950. లాభము 79,050కి దిగును. సరకు ఆలస్యమైనకొలది ఈ వడ్డీ చెదవలె తినుచుండును.

మూడవది మారకపు ధర. 1997నుండి దిర్హము అమెరికా డాలరుతో కట్టబడియున్నది. ఒక డాలరునకు 3.6725 దిర్హములు. కావున దిర్హము కదలకున్నను రూపాయి కదలుచుండును. బేరమునాడు 24 ఉన్న దిర్హము డబ్బు చేరునాటికి 23 అయినచో వచ్చునది 11,27,000. వడ్డీ లెక్కింపకయే లాభము 62,000. 22 అయినచో 13,000 మాత్రము. ఇట్టి అపాయము తగ్గించుకొనుటకు ముందుగనే బ్యాంకుతో మారకపు ధర కుదుర్చుకొను పద్ధతి గలదు. 2023 జులైలో ఉభయ దేశముల కేంద్ర బ్యాంకులు రూపాయలలోను, దిర్హములలోను నేరుగా చెల్లింపులు జరుపుటకు ఒప్పందము చేసికొన్నవి. రూపాయలలో బేరము కుదిరినచో ఈ భయము మనకు తొలగును. అందుకు కొనువాడు ఒప్పుకొనవలెను.

5. కాగితముల వరుస

ఎగుమతి చేయదలచినవాడు ముందుగా విదేశ వాణిజ్య శాఖనుండి ఎగుమతి–దిగుమతి సంఖ్యను పొందవలెను. నేడు పాన్ సంఖ్యయే ఆ సంఖ్యగా ఇచ్చుచున్నారు. ఏటేట ఏప్రిల్–జూన్ నెలలలో ఆ వివరములు సరియైనవని మరల తెలుపవలెను. మార్పేమియు లేకున్నను తెలుపవలెను. లేనిచో సంఖ్య నిలిచిపోవును.

తరువాత సరకు జాతిని తెలుపు సంఖ్య. లోకమంతటను వస్తువులకు ఒకే విధమైన సంఖ్యలు గలవు. స్నానమునకు, వంటయింటికి వాడు నూలు టెర్రీ వస్త్రములకు 6302 60 అనునది ఆ సంఖ్య. ఇది తప్పుగా వేసినచో సుంకము మారును, సరకు ఆగును.

ఆపైన ఇన్వాయిసు, పెట్టెల పట్టిక, రేవులో ఇచ్చు షిప్పింగు బిల్లు, ఓడవారిచ్చు బిల్ ఆఫ్ లేడింగు, బీమా పత్రము, మూలధ్రువపత్రము. ఇందు బిల్ ఆఫ్ లేడింగు అతి ముఖ్యము. ఎవరి చేత అది యుండునో సరకు వారిది. డబ్బు సంగతి తేలకుండ దానిని చేయిజార్చుకొనరాదు.

డబ్బు వచ్చు మార్గములలో బ్యాంకు హామీపత్రము పేరుగలది. దానిని లెటర్ ఆఫ్ క్రెడిట్ అందురు. కొనువాని బ్యాంకు, “ఈ ఈ కాగితములు ఈ విధముగా తెచ్చి చూపినచో మేము చెల్లించెదము” అని వ్రాసియిచ్చును. ఇచట ఒక మాట గట్టిగా గుర్తుంచుకొనుడు. బ్యాంకు టవళ్లను చూడదు; కాగితములను చూచును. టవలు ఎంత మెత్తనైనను, రంగు ఎంత నిలుకడైనను, కాగితములోని మాట హామీపత్రములోని మాటతో కలియనిచో బ్యాంకు చెల్లింపు నిలుపవచ్చును.

6. నా తప్పు

ఇప్పుడు మొదట చెప్పెదనన్న కారణము. కొన్ని సంవత్సరముల క్రిందట నావద్ద చదివిన యొకడు, ఎనిమిది మగ్గములు గలవాడు, మొదటిసారి తానే నేరుగా సరకు పంపబూనెను. కాగితములు ఆంగ్లమున నున్నవి. అతడు వాటిని ఒక రాత్రి మా యింటికి తెచ్చి, “గురూజీ, మీరొక్కసారి చూచిన నాకు ధైర్యము” అనెను.

నేను చూచితిని. ఉపాధ్యాయుడు చూచు విధముగా చూచితిని. ఇన్వాయిసులో సరకు వర్ణన మొరటుగా తోచినది. హామీపత్రములో ‘టెర్రీ టవల్స్’ అని యుండగా, ఇన్వాయిసులో దానిని కొట్టివేసి, నాకు తెలిసిన మంచి ఆంగ్లమున ‘కాటన్ బాత్ టవల్స్’ అని దిద్దితిని. అక్షరదోషములు సవరించితిని. రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి మాటకు మాట పోల్చి చూడలేదు. అట్లు చూడవలెనని నాకు తెలియదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడితిని.

వర్ణన కలియలేదని కొనువాని బ్యాంకు చెల్లింపు నిలిపినది. సరకప్పటికే రేవున దిగియున్నది. దినదినమునకు అద్దె పడుచుండెను. కొనువాడు అవకాశమెరిగి, ధర తగ్గించిన గాని ఒప్పుకొననెను. వేరు దారి లేక ఇతడు తగ్గించెను. లాభము పోయినది, అసలులోను కొంత పోయినది. నూలు వర్తకుని బాకీ తీర్చుటకు రెండు మగ్గములు అమ్ముకొనెను.

అతడు నన్నొక్క మాటయు అనలేదు. పాఠశాల వార్షికోత్సవమునకు వచ్చి, ఎప్పటివలె నమస్కరించి, వెనుక వరుసలో కూర్చుండెను. ఆనాడు అతని కుమార్తె మా తొమ్మిదవ తరగతిలో నుండెను. ఆ బిడ్డ హాజరు పిలుచునపుడెల్ల నాకు ఆ రెండు మగ్గములు జ్ఞప్తికి వచ్చెడివి. నేడు అతడు నేరుగా పంపుట మానినాడు. ఒక ఎగుమతి వర్తకునికి సరకు ఇచ్చుచున్నాడు. ఆ పిదప నేను ఈ విషయమై పుస్తకములు చదివితిని, బ్యాంకువారిని, రేవు ఏజెంట్లను అడిగి తెలిసికొంటిని. ఆ మగ్గములు మరల రావు. మరియొకని మగ్గములైనను నిలువవలెనని ఇది వ్రాయుచున్నాను.

7. జాగ్రత్తలు

ఒకటి. మొదటనే నేరుగా పంపవలెనను పంతము వలదు. ఒకటి రెండు సంవత్సరములు ఎగుమతి వర్తకుని ద్వారా పంపి, పద్ధతి నేర్చుకొనుడు. కాని అతనిని ఊరక నమ్మక, సరకు ఏ దేశమునకు పోవుచున్నది, ఏ ధరకు పోవుచున్నది అడుగుడు. అడుగుట తప్పు కాదు.

రెండు. కొనువాడెవరో తెలిసికొని, అతనికి కావలసినదే నేయుడు. హోటలువారికి తెల్లని, బరువైన, అనేకసార్లు ఉదికినను చెడని టవలు కావలెను. కూలిపనికి పోయినవారికి చవకైనది, త్వరగా ఆరునది కావలెను. మక్కా యాత్రికులు ధరించు కుట్టులేని తెల్లని ఇహ్రాము వస్త్రములు పెక్కు టెర్రీ నేతవే. నమూనా ఒకటి చూపి, సరకు మరియొకటి పంపినవానికి రెండవ బేరము దొరకదు. అతనితోపాటు ఊరి పేరును పోవును.

మూడు. ఇంటి బంగారము, ఉన్న ఇల్లు కుదువపెట్టి మొదటి సరకు పంపవలదు. కొనువాడు దివాలా తీసినచోగాని, చెల్లింపక పోయినచోగాని కొంత కాపాడుటకు ఎగుమతి పరపతి హామీ సంస్థ గలదు. 1957లో నెలకొల్పబడిన ఈ ప్రభుత్వ సంస్థకు ముంబయి కేంద్రము. ముందుగా బీమా చేసికొనవలెను. అయితే మన కాగితములలో మనము చేసిన తప్పునకు ఏ బీమాయు అక్కరకు రాదు.

నాలుగు. సముద్రపు దారి ఎల్లప్పుడును తెరచియుండునని తలపవలదు. జెబెల్ అలీ రేవు హోర్ముజు జలసంధికి లోపలివైపున నున్నది. ఆ ఇరుకుదారిలో కలత పుట్టినచో ఓడలు ఆగును, కిరాయిలు, బీమా పెరుగును. కావున ఉన్న మగ్గములన్నిటిని ఒక్క దేశపు బేరమునకే కట్టవలదు. ముత్యముల కథ మరువకుడు.

8. ఇంటిలో పిల్లలతో చేయదగిన అభ్యాసము

ఒకటి. పైలెక్కలో దిర్హము 25 రూపాయలైనచో, వడ్డీ లెక్కింపకముందు లాభమెంత?

రెండు. డబ్బు ఆరు నెలలకు వచ్చినచో వడ్డీ ఎంత? 24 రూపాయల ధరకు మిగులు లాభమెంత?

మూడు. 12,000 టవళ్లలో నూటికి 2 వంతున పనికిరానివని కొనువాడు త్రోసివేసి, వాటి ధర ఇయ్యనిచో ఎన్ని దిర్హములు తగ్గును?

నాలుగు. మీ కార్ఖానాలో నేసిన ఒక టవలు తీసికొని, దాని పొడవు, వెడల్పు, బరువు కొలిచి, చదరపు మీటరునకు ఎన్ని గ్రాములో గట్టుడు. బయటి బజారున టవలును మొదట ఈ సంఖ్యతోనే అడుగుదురు.

ఈ లెక్కలు మీ పిల్లలు చేయగలరు; ఏడవ తరగతి గణితము చాలును. వారు లెక్క చేయుచుండగా మీరు ధరలు చెప్పుడు. మీకు తెలిసినది వారికిని, వారికి తెలిసినది మీకును చేరును.

కడపటి మాట. శనివారము సాయంకాలము పాఠశాల గ్రంథాలయము తెరచియుండును. ఎవరైనను తమ కాగితములు తేవచ్చును. ఇక నేను ఒక్కడనే చూడను. ఇద్దరము కూర్చుందుము, ఒకరు హామీపత్రమును పైకి చదువవలెను, మరియొకరు ఇన్వాయిసులోని ప్రతి మాటపైని వ్రేలుంచి పోల్చవలెను. భాష అందముగా ఉన్నదా లేదా అని ఎవ్వరును చూడరాదు. మాట మాటతో కలిసినదా అని మాత్రమే చూడవలెను. కలియని మాట కనబడినచో దానిని దిద్దకయే బ్యాంకునకు పోయి అడుగవలెను. నాకు తెలియనిచోట, తెలియదని నేనే ముందుగా చెప్పెదను.